మావయ్య తప్పును గ్రూపులో పెట్టాను, ఇప్పుడు చర్చికి వెళ్లలేకపోతున్నాను

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. నాకు 27 ఏళ్లు. జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల షాపు నడుపుకుంటున్నాను. మా సంఘంలో ఎనిమిదేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. మాది తెలుగు సంఘమే అయినా గుమ్మ వైపు కొండ ఊళ్ల నుంచి పది పన్నెండు సవర ఆదివాసీ కుటుంబాలు కూడా ఆరాధనకి వస్తాయి. మొన్న కోత పండుగనాడు ప్రేమ విందులో టౌను వాళ్లని మొదటి బంతిలో కూర్చోబెట్టి, సవర వాళ్లని రెండో బంతి దాకా ఆపారు. వాళ్లు కూర్చునేసరికి మాంసం కూర అయిపోయింది. అన్నం, డాల్మా (కూరగాయలు వేసిన పప్పు) వడ్డించారు. ఒక ముసలమ్మ సగం తిని, జీపు టైమవుతోందని ఆకు ముందునుంచి లేచి వెళ్లిపోయింది. విందు చూసుకున్నది మా సంఘ పెద్ద. ఆయన నాకు సొంత మేనమామ.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. పదకొండు దాటాక సంఘం వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాను: "మన సంఘంలో కూడా కులం బంతులేనా? సవర వాళ్ల కానుకలు కావాలి, వాళ్లతో కూర్చుని తినడం మాత్రం వద్దు. ఇలాంటి పెద్దలకి సిగ్గుండాలి." తెల్లారేసరికి వందకి పైగా మెసేజీలు. మావయ్య గ్రూపులోంచి వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారం చర్చి గుమ్మం దగ్గర అందరి ముందు నన్ను ఆపి, "నువ్వూ మొదటి బంతిలోనే తిన్నావు కదరా, అప్పుడు నీ నోరేమైంది?" అన్నారు. నిజమే, తిన్నాను. అప్పటినుంచి ఐదు వారాలుగా చర్చికి వెళ్లలేదు. మా అమ్మ రోజూ ఏడుస్తోంది. మత్తయి 18 చూపించి తప్పు నాదేనంటున్నారు కొందరు. నేను రాసింది అబద్ధమా? తప్పుని తప్పనడం క్రైస్తవుడికి తగదా? మావయ్య అన్న మాటని నేనెలా తీసుకోవాలి?

సమాధానం:

నాయనా, వందనాలు.

నీకు జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మొదట రాసింది చింపేశాను. అది నీకూ మీ మావయ్యకీ మధ్య తగువు తీర్చినట్టుగా వచ్చింది. మళ్లీ నీ ఉత్తరం తీసి చదివితే, సగం అన్నంలో లేచి వెళ్లిపోయిన ఆ ముసలమ్మ దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఆవిడ సంగతికి వస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి చెప్తాను.

నువ్వు రాసింది అబద్ధం కాదు. తప్పుని తప్పనడం క్రైస్తవుడి పని కాదని ఎవరైనా అంటే నమ్మకు. మన దగ్గర చాలామందికి "తీర్పు తీర్చకుడి" అన్న ఒక్క మాటే గుర్తుంటుంది. ఆ మాటలు చెప్పిన చోటే, ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు నీ సహోదరుడి కంట్లో నలుసు తీయడానికి నీకు తేటగా కనిపిస్తుంది అని కూడా ఉంది. అంటే నలుసు తీయాల్సిందే. కంట్లో నలుసు ఉంచుకుని తిరగమని ప్రభువు ఎవరికీ చెప్పలేదు. నేను నర్సుగా 31 ఏళ్లు చేశాను. కంట్లో నలుసు తీయడమంటే ఏమిటో నాకు తెలుసు. చెయ్యి కడుక్కోవాలి, దగ్గరికి వెళ్లాలి, వెలుతురు కావాలి, ఆ మనిషి తల మన చేతికి ఇవ్వాలి. దూరం నుంచి కంట్లో నలుసు తీయడం ఎవరివల్లా కాదు.

ఇక మత్తయి 18. నీ సహోదరుడు నీయెడల తప్పు చేస్తే మీరిద్దరే ఉన్నప్పుడు వెళ్లి చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. నీకు ఈ వాక్యం చూపించినవాళ్లు "నీయెడల" అన్న మాట చూడలేదేమో. మీ మావయ్య తప్పు చేసింది నీయెడల కాదు. అది చాటున జరిగిన తప్పూ కాదు. సంఘమంతా చూస్తుండగా, ఆవరణలో, పట్టపగలు జరిగింది. అందరి ముందు జరిగిన తప్పుని అందరూ మర్చిపోవాలని కోరుకునేవాళ్లు ఈ వాక్యాన్ని గుడ్డలా కప్పడం నేను చాలా చోట్ల చూశాను. నాకు అది బాధ. ఆ వాక్యం సహోదరుణ్ణి సంపాదించుకోవడానికి ఇచ్చింది, పెద్దల పరువు కాపాడటానికి కాదు.

నీ సంగతికి మత్తయి 18 కంటే గలతీ 2 దగ్గరగా ఉంటుంది. అక్కడ జరిగింది కూడా భోజనాల గొడవే. అంతియొకయలో యూదులు, అన్యజనులు (యూదులు కానివాళ్లు) ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు. పేతురు కూడా వాళ్లతో తినేవాడు. యెరూషలేములో యాకోబు దగ్గరనుంచి కొందరు రాగానే ఆయన మెల్లగా వెనక్కి తగ్గి వేరుగా తినడం మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి మిగతా యూదులు, చివరికి పౌలు జతపనివాడు బర్నబా కూడా అలాగే చేశారు. పేతురు మనసులో చెడ్డవాడు కాదు. వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని భయపడ్డాడు. అయినా పౌలు ఊరుకోలేదు. అందరి ఎదుటే అడిగాడు. కాబట్టి "అందరి ముందు ఎందుకు చెప్పావు" అని నిన్ను అన్నవాళ్లకి ఈ అధ్యాయం చూపించొచ్చు.

కానీ అదే అధ్యాయాన్ని నువ్వు కూడా చదవాలి. అందులో రెండు మాటలు ఉన్నాయి. అందరి యెదుట అన్నది ఒకటి. "ముఖాముఖిగా అతనిని ఎదిరించితిని" అన్నది ఇంకొకటి. పౌలు అందరి ముందూ చెప్పాడు, పేతురు ముఖం చూస్తూనూ చెప్పాడు. పేతురు జవాబు చెప్పాలంటే అక్కడే చెప్పగలిగేలా, ఎదురుగా నిలబడి అడిగాడు. నువ్వు అందరి ముందు చెప్పావు, ముఖం లేకుండా చెప్పావు. రాత్రి పదకొండింటికి మీ మావయ్య నిద్రపోతుంటే, ఆయన పేరు రాయకుండా, ఆయనని తప్ప ఇంకెవర్నీ కానట్టుగా రాశావు. తెల్లారి లేచి ఫోను చూసేసరికి వందకి పైగా మెసేజీలు వచ్చేసి ఉన్నాయి. ఆయన స్థానంలో ఒక్కసారి నిన్ను ఊహించుకో.

నువ్వు రాసిన మూడు వాక్యాలు నేను పక్కన పెట్టుకుని చూశాను. "కులం బంతులేనా" అన్నావు. కులం కళ్లకి కనిపించదు. కళ్లకి కనిపించింది ఎవరు ముందు కూర్చున్నారు, ఎవరు తర్వాత కూర్చున్నారు, కూర ఎప్పుడు అయిపోయింది అన్నది. అది మాత్రమే రాసి ఉంటే ఎవరూ కాదనలేకపోయేవారు. ఎందుకు చేశారో నీకు తెలుసన్నట్టు రాశావు కాబట్టి వాదన అంతా ఆ "ఎందుకు" మీదికి పోయింది. వందకి పైగా మెసేజీల్లో ఆ డాల్మా గురించి ఎన్ని ఉన్నాయో ఒకసారి వెనక్కి వెళ్లి లెక్కపెట్టు. మీ మావయ్యకి కులబుద్ధి ఉందా లేదా అన్నదాని మీదే ఎక్కువ ఉంటాయి. రెండో వాక్యంలో కానుకల మాట చాలా నిజం. కోత పండుగకి ఆ కుటుంబాలు గుమ్మడికాయలు, కందులు, చోళ్లు, అల్లం, పసుపు ఎత్తుకుని కొండ దిగి వస్తాయి. మనం వాటిని వేలం వేసి సంఘం ఖాతాలో వేసుకుంటాం. ఆ మాట సంఘానికి తగలాల్సిందే. మూడో వాక్యం, "ఇలాంటి పెద్దలకి సిగ్గుండాలి", అది తప్పుని చెప్పడం కాదు, మనిషిని కొట్టడం. "పెద్దలు" అని బహువచనం వేసి ఒక్కణ్ణే కొట్టావు. ఆ వాక్యం ఒక్కటి లేకపోతే మొదటి రెండింటికీ ఇంకా బలం ఉండేది.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. ఈ కొండల్లోనే ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు ట్రైనింగులో ఉన్న ఒక సవర పిల్ల జ్వరం చూడకుండానే చార్టులో అంకె వేసింది. చిన్న తప్పు కాదది, మనిషి ప్రాణం మీదికి వచ్చే తప్పు. ఆడవాళ్ల వార్డు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరిచాను. రెండు మంచాల అవతల ఆ పిల్ల సొంత పిన్ని పడుకుని ఉందని నాకు తెలియదు. నేను అన్న ప్రతి మాటా నిజమే. ఇప్పటికీ వాటిలో ఒక్కదాన్ని వెనక్కి తీసుకోను. ఆ రాత్రి వార్డు ఆయా గచ్చు తుడుస్తూ తల ఎత్తకుండానే అంది: "నువ్వు సెప్పింది ఆ పిల్ల ఒక్క ముక్కా ఇనలేదమ్మా. సుట్టూ ఉన్నోల్ల మొకాలే సూసింది."

నాకు కోపం వచ్చింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. తెల్లవార్లూ ఆ మాట నన్ను వదల్లేదు. పొద్దున్నే ఆ పిల్లని మెట్ల దగ్గర కూర్చోబెట్టి, "అంకె ఎందుకు అలా వేశావు?" అని అడిగాను. థర్మామీటరు పగిలిపోయిందట. చెప్తే డబ్బులు కట్టమంటారని భయపడిందట. ముందు రోజు నేను అడిగి ఉంటే పావుగంటలో తేలిపోయే సంగతి. నేను అడగలేదు, చెప్పాను. సంగతి వినకముందే జవాబు చెప్పేవాడు మూఢుడని సామెతలు 18లో ఉంది. ఆ వాక్యం నాకు అంతకుముందే కంఠస్థం వచ్చు.

అందుకే అడుగుతున్నాను, నువ్వు మీ మావయ్యని ఒక్కసారైనా "ఆ రోజు బంతులు అలా ఎందుకు వేశారు?" అని అడిగావా? ఆయన జవాబు నీకు నచ్చకపోవచ్చు. నాకూ నచ్చకపోవచ్చు. కూర తక్కువైందో, టౌను వాళ్లు గొణుగుతారని భయపడ్డారో, అసలు ఆలోచించనే లేదో, పాత అలవాటు చొప్పున చేశారో. వీటిలో ప్రతిదానికీ దిద్దుబాటు వేరు. వంట లెక్క తప్పితే లెక్క దిద్దాలి. భయమైతే పేతురికి చెప్పినట్టు చెప్పాలి. నిజంగానే చిన్నచూపు ఉంటే అది పశ్చాత్తాపపడాల్సిన పాపం, దానికి పాస్టరు అయ్యగారు కూడా కూర్చోవాలి. అడగకుండా ఏది చెప్పాలో ఎలా తెలుస్తుంది? పౌలు కూడా పేతురిని అడిగాడు, నువ్వెందుకు వాళ్లని బలవంతం చేస్తున్నావని. అది ప్రశ్నే.

ఇప్పుడు మావయ్య అన్న మాట. "నువ్వూ మొదటి బంతిలోనే తిన్నావు కదరా." నిన్ను ఐదు వారాలు ఇంట్లో కూర్చోబెట్టింది ఇదే కదా. నీ నోరు మూయించడానికి ఆయన ఆ మాట అన్నారు, అది నిజం. తన తప్పు మీదనుంచి చూపు మళ్లించడానికి అన్నారు, అదీ నిజం కావచ్చు. అయినా ఆ మాట నిజమే నాయనా. నువ్వే ఒప్పుకున్నావు. ఇంకొకరు దాన్ని ఏ ఉద్దేశంతో అన్నారన్నది వాళ్లు దేవుడికి చెప్పుకోవాల్సిన లెక్క. అందులో నిజం ఎంత ఉందన్నది నీ లెక్క. విమర్శ తీసుకోవడంలో నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. మంచివాళ్లు ప్రేమతో మెల్లగా చెప్తే ఎవరైనా తీసుకుంటారు. మనతో పేచీ ఉన్నవాడు, అందరి ముందు, మనల్ని పడగొట్టడానికి అన్న మాటలో కూడా నిజం ఉంటుంది. ఆ ఆయా మాట నాకు తగిలింది ఎందుకంటే, వార్డులో నాకంటే కింద పనిచేసే మనిషి అంది. కిందినుంచి వస్తే పొగరంటాం, పైనుంచి వస్తే దౌర్జన్యమంటాం, పక్కనుంచి వస్తే అసూయంటాం. ఇక ఎటునుంచి వస్తే వింటాం?

నువ్వు మొదటి బంతిలో తినడం పెద్ద నేరమని నేననను. కీబోర్డు సర్దుకుని, ఆకలేసి, పిలిచిన చోట కూర్చున్నావు. బర్నబా కూడా అలాగే కూర్చున్నాడు. కానీ ఆ మాట నువ్వే ముందు చెప్పుకుని ఉంటే నీ మెసేజి వేరేగా ఉండేది. "మనం" అని రాసేవాడివి. "ఈ రోజు మనం మొదటి బంతిలో తిన్నాం, నేనూ తిన్నాను, మన సవర సహోదరులకి కూర మిగల్లేదు, దీన్ని ఎలా దిద్దుకుందాం?" అలా రాసి ఉంటే మీ మావయ్య దగ్గర ఆ ఆదివారం అనడానికి ఏమీ ఉండేది కాదు. ఆయనే వచ్చి నీ పక్కన కూర్చుని ఉండేవారేమో.

విమర్శని ఎలా తీసుకోవాలో చూడాలంటే అపొస్తలుల కార్యములు 6 తియ్యి. అక్కడ కూడా తిండి గొడవే, అదీ రెండు భాషల వాళ్ల మధ్య. రోజూ పెట్టే ఆహారంలో తమ విధవరాండ్రకి సరిగా అందడం లేదని గ్రీకు మాట్లాడే విశ్వాసులు సణిగారు. సణుగుడు మంచి పద్ధతి కాదు. అపొస్తలులు కావాలంటే దాన్ని పట్టుకోవచ్చు. "మాతో చెప్పకుండా వెనక గొణుగుతారా, ఎవరు మొదలుపెట్టారు?" అని అడగొచ్చు. అడగలేదు. ఫిర్యాదు వచ్చిన తీరుని వదిలేసి ఫిర్యాదుని పట్టుకున్నారు. అందర్నీ పిలిచి, వడ్డన చూసుకోవడానికి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్నం అందలేదో వాళ్లవైపు వాళ్ల చేతికే గరిటె ఇచ్చినట్టు నాకు కనిపిస్తుంది. మీ విందు కమిటీలో సవర వాళ్లు ఎంతమంది ఉన్నారు? నీ ఉత్తరంలో నువ్వు రాయలేదు. ఒక్కరూ లేరనుకుంటున్నాను.

ఇక నువ్వు చెయ్యాల్సింది. మావయ్య ఇంటికి వెళ్లు. ఫోను చెయ్యకు, మెసేజి పెట్టకు, మీ అమ్మ చేత కబురు పంపకు. ఆవిడ ఇప్పటికే తమ్ముడికీ కొడుక్కీ మధ్య నలిగిపోతోంది, ఆవిడని ఉత్తరాలు మోసే మనిషిని చెయ్యొద్దు. వెళ్లి, "మావయ్యా, మీతో ఒక్క మాట అనకుండా గ్రూపులో రాశాను. మిమ్మల్ని సిగ్గులేనివాడన్నట్టు రాశాను. అది నా తప్పు, క్షమించండి. నేనూ మొదటి బంతిలో తిన్నాను, మీరన్నది నిజమే" అని చెప్పు. అక్కడ ఆగిపో. "కానీ" అనకు. "ఎవరినైనా నొప్పించి ఉంటే" అనకు, నొప్పించావు, అది తెలుసు. ఆయన నీ మీద ఇంకో నాలుగు మాటలు విసిరినా ఆ రోజుకి వినేసి, అత్తయ్య ఇచ్చిన టీ తాగి వచ్చెయ్యి.

గ్రూపులో కూడా రాయాలి. తప్పు ఎక్కడ జరిగిందో క్షమాపణ కూడా అక్కడే ఉండాలి. పాత మెసేజి తీసెయ్యకు, తీసేస్తే దాచినట్టవుతుంది. మూడు లైన్లు చాలు: పెద్దాయనతో మాట్లాడకుండా ఇక్కడ రాయడం, ఆయన్ని అవమానించేలా రాయడం తప్పు, ఆయన దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాను, విందు విషయం మాత్రం సంఘంగా మనం కూర్చుని మాట్లాడుకోవాలని నా మనవి. దాని కింద ఎవరేం రాసినా జవాబు ఇవ్వకు. ఈ ఆదివారం చర్చికి వెళ్లు. కీబోర్డు దగ్గర ఇంకొకరు కూర్చుని ఉంటే బెంచీ మీద కూర్చుని పాడు.

కొన్ని రోజులు పోనిచ్చి మళ్లీ మావయ్య దగ్గరికి వెళ్లు. ఈసారి విందు గురించి అడగడానికి. క్షమాపణనీ ఈ మాటనీ ఒకే రోజు కలపకు, కలిపితే క్షమాపణ ఎరలా కనిపిస్తుంది. క్షమాపణ అడిగేశాను కాబట్టి ఇక ఆ విషయం ఎత్తకూడదని కూడా అనుకోకు. నీ తీరు తప్పైనంత మాత్రాన వాళ్లకి జరిగింది ఒప్పు అయిపోదు. వృద్ధుడిని గద్దించకు, తండ్రిలా భావించి హెచ్చరించు అని పౌలు తిమోతికి రాశాడు. అంటే వదిలెయ్యమని కాదు, నాన్నతో మాట్లాడినట్టు మాట్లాడమని. ఆయన మంచి కూడా నీకు తెలుసు కదా. ఇన్నేళ్లు సంఘం పని భుజాన వేసుకున్న మనిషి. అది కూడా ఆయనతో అను, పొగడ్తగా కాదు, నిజం కాబట్టి. ఆయన వినకపోతే అప్పుడు అయ్యగారిని, ఇంకొకరిని తీసుకుని వెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘ కూటంలో లేచి నిలబడి, ఆయన ఎదురుగా, ఆయన వైపు చూస్తూ అడుగు. అది నీకు హక్కు.

ఒక మాట పక్కన చెప్పాలి, ఇది చదివే వేరేవాళ్ల కోసం. పిల్లల మీద, ఆడవాళ్ల మీద ఎవరైనా చెయ్యి వేస్తే, లేదా సంఘం సొమ్ము కాజేస్తే, ఒంటరిగా వెళ్లి మెల్లగా చెప్పమని నేను ఎవరికీ చెప్పను. అక్కడ ముందు దెబ్బతిన్నవాళ్లని కాపాడాలి, పోలీసు దగ్గరికి వెళ్లాల్సి వస్తే వెళ్లాలి. నేను ఇక్కడ రాస్తున్నది అన్నదమ్ముల మధ్య దిద్దుకోగలిగిన తప్పుల గురించి.

ఇప్పుడు ఆ ముసలమ్మ. నీ ఉత్తరంలో మావయ్య ఉన్నారు, అమ్మ ఉంది, మత్తయి 18 చూపించినవాళ్లు ఉన్నారు, వందకి పైగా మెసేజీలు ఉన్నాయి. ఈ ఐదు వారాల్లో ఆ సవర కుటుంబాల దగ్గరికి ఎవరైనా వెళ్లారా? వాళ్లు చర్చికి వస్తున్నారా, మానేశారా? ఆ గ్రూపులో వాళ్లు ఉన్నారా అసలు? మీ గొడవంతా వాళ్ల గురించే మొదలైంది. ఇప్పుడు అది మావయ్య పరువు, నీ నిజాయితీ, ఈ రెండింటి గొడవ అయిపోయింది. వాళ్లు మళ్లీ రెండో బంతికే మిగిలిపోయారు. ఇది నీ ఒక్కడి తప్పని నేననడం లేదు. నేను మొదట రాసి చింపేసిన జవాబులో కూడా వాళ్ల మాట లేదు.

రెండో బంతి ఎలా ఉంటుందో మనకి తెలియకపోవడానికి మనమేం వేరేవాళ్లం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పటినుంచి ఈ ఊళ్లో తెలుగువాళ్లు ఇంట్లో ఒక భాష, ఆఫీసులో ఒక భాషగా బతుకుతున్నారు. ఫారం ఒడియాలో ఉంటే నింపలేక నీ షాపుకి వచ్చే తెలుగు ముసలివాళ్లు ఎలా నిలబడతారో నువ్వు రోజూ చూస్తావు. ఆ సవర అమ్మ మన చర్చిలో అలాగే నిలబడుతుంది. గజపతి జిల్లాలో సగానికి పైగా ఆదివాసులే. వాళ్ల కొండల నడుమ ఉంటూ వాళ్లని మన చర్చికి వచ్చిన చుట్టాల్లా చూడటం మనకి అలవాటైపోయింది. చుట్టాలనైనా ముందు కూర్చోబెడతాం.

మీ ఊరి కాలేజీలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆయన క్రైస్తవుడు కాదు, వాళ్లతో కలిసి ప్రభువు బల్లలో చెయ్యి వేసినవాడూ కాదు. ఆయన ఏళ్ల తరబడి వాళ్ల మాట వినడానికి కూర్చున్నారు. మనం ఇన్నేళ్లుగా ఒకే బెంచీ మీద కూర్చుని పాటలు పాడుతున్నాం. వాళ్ల భాషలో నీకు ఎన్ని మాటలు వచ్చు? ఇది కోపంతో అడగడం లేదు, నాకూ ఆసుపత్రి పనికి కావలసిన మాటలే వచ్చు. నొప్పి ఎక్కడ, ఎన్ని రోజులనుంచి, నోరు తెరు. క్షమించు అన్న మాట రాదు.

మావయ్య ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి కొండ ఎక్కండి. ఒప్పుకోకపోతే నువ్వొక్కడివే వెళ్లు. ఏమీ పట్టుకెళ్లకు. కూర డబ్బా అసలు పట్టుకెళ్లకు, అది వాళ్లని ఇంకా చిన్నబుచ్చుతుంది. ఆ ముసలమ్మ ఇంటికి వెళ్లి, వాళ్లు పెట్టింది తిను. జరిగినదానికి క్షమించమని అడుగు. తర్వాత, "మేమేం చేస్తే బాగుంటుంది?" అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఊరుకో. మొదట "ఏం ఫర్వాలేదు బాబూ" అంటారు. వాళ్లు మర్యాద కొద్దీ అనే మాట అది, దాన్ని పట్టుకుని లేచి వచ్చెయ్యకు. కాసేపు కూర్చుంటే మీ సంఘం గురించి నీకు తెలియని సంగతులు ఇంకొన్ని చెప్తారు. వాటిలో కొన్ని నీ గురించి కూడా ఉండొచ్చు. అప్పుడు మీ మావయ్య గుమ్మం దగ్గర నిన్ను అన్న మాట నీకు ఎలా తగిలిందో గుర్తుచేసుకుని, వినేసెయ్యి. వాళ్లు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వచ్చి మావయ్యకి ఇవ్వు.

పేతురు ఆ రోజు పౌలుకి ఏం జవాబు చెప్పాడో గలతీ పత్రికలో లేదు. కానీ పేతురు పేరుతో ఉన్న రెండో పత్రిక చివరి అధ్యాయంలో "మన ప్రియ సహోదరుడైన పౌలు" అని ఉంది. అందరి ముందు నిలబెట్టి అడిగినవాణ్ణి అలా పిలవడానికి ఎంత కాలం పట్టిందో ఎవరికి తెలుసు. మీ మావయ్యకి కూడా టైము ఇవ్వు.

కోత పండుగ మళ్లీ వస్తుంది. ఆ లోపల విందు కమిటీలో సవర వాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండాలని కూటంలో అడుగు. వంట ఎన్నింటికి మొదలవ్వాలి, ఎవరి ఆకులు ముందు వెయ్యాలి అన్నది వాళ్లనే చెప్పనివ్వు. టౌను వాళ్లం నడిచి ఇంటికి వెళ్లగలం, ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు. కొండ మీదికి ఆఖరి జీపు ఎన్నింటికి వెళ్తుందో కనుక్కుని, ఆ టైముని బట్టి బంతులు వెయ్యండి.